పశువైద్య విద్య

మన దేశంలో పశువైద్యుడు కావాలంటే బి.వి.ఎస్సీ. అండ్ ఎ.హెచ్. పట్టా తప్పనిసరి. తెలుగు విద్యార్థులకు తొలిమెట్టు ఇంటర్‌లో బైపీసీ. ఎంపీసీ తీసుకున్నాక మనసు మారితే దారి కష్టమే. భారత వెటర్నరీ కౌన్సిల్ భర్తీ చేసే 15 శాతం అఖిల భారత కోటా సీట్లకు నీట్ ర్యాంకు ఆధారం. తిరుపతి శ్రీవేంకటేశ్వర, హైదరాబాద్ పి.వి.నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు ఈ కోర్సు నడుపుతున్నాయి. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి చదువు అయిదున్నరేళ్లు. శరీర నిర్మాణ శాస్త్రం, శస్త్రచికిత్సలతో పాటు పాడి, కోళ్ల పెంపకం, మాంస పరిశుభ్రత కూడా నేర్పుతారు; కుక్కపిల్లల మీద ఇష్టంతో మాత్రమే చేరినవారికి ఇది కొంత ఆశ్చర్యమే. ప్రాక్టీసుకు 1984 నాటి వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా వేరు, అది డాక్టరు అర్హత కాదు. ప్రత్యేక విభాగం కోరేవారు ఎం.వి.ఎస్సీ. చేస్తారు.