రెండు సూర్యోదయముల ప్రయాణము

2018 మార్చి నెలలో క్వాంటాస్ సంస్థవారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమునుండి లండనుకు నడుమ ఎచ్చటను దిగని విమానమును నడపనారంభించిరి. దూరము 14,498 కిలోమీటర్లు, కాలము దాదాపు 17 గంటలు. ఆ సంస్థవారే, ఆ పెర్త్ నుండియే, 1943లో సింహళమునకు నడిపిన విమానములు, ఇందులో సగమైనను లేని 5,650 కిలోమీటర్లను దాటుటకు 27 గంటలకు తక్కువ గాకుండ, ఒక్కొక్కమారు 32 గంటలు మించి, ఆకాశముననే ఉండవలసివచ్చెడిది. ఈ లెక్క కంటబడిన నాటినుండి ఆ చిన్న దూరముపై నాకు పెద్ద మక్కువ.

అంతకుమునుపు, 1935 నాటికే, బ్రిస్బేన్ నుండి లండనుకు విమానమార్గము కలదు. సింగపూరు, రంగూను, కలకత్తా, కరాచీలలో దిగుచు లేచుచు, రాత్రులు బసచేయుచు, మజిలీ ప్రయాణమువలె అది పండ్రెండు దినములకు పైగా సాగెడిది. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశము కాగానే ఆ మార్గము తెగిపోయెను. మిగిలినది హిందూమహాసముద్రము, దానిమీద దిగుటకు చోటు లేదు.

అందుచేత కాటలీనాలను నీటివిమానములను తెచ్చి, పెర్త్ లోని స్వాన్ నదిపైనుండి లేపి, సింహళమున గాలె సమీపముననున్న కొగ్గల సరస్సుపై దించిరి. గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగము. అక్కరలేని బరువునంతయు ఊడదీసి సుమారు 9,000 లీటర్ల పెట్రోలు నింపగా, ముగ్గురు ప్రయాణికులకును 69 కిలోల టపాకును మాత్రమే తావు మిగిలెను. శత్రువు వినునేమోయని రేడియో మూగవోయెను గావున, సెక్స్టెంటు చేతబట్టి నక్షత్రముల యెత్తు కొలిచి దారి తెలిసికొనుటయే దిక్కు. ఆ అయిదు విమానములకును నక్షత్రముల పేర్లే పెట్టిరి: అల్టెయిర్, వేగా, స్పైకా, అంటారెస్, రైజెల్. మొదటి నాలుగును మన పంచాంగములోని శ్రవణము, అభిజిత్తు, చిత్త, జ్యేష్ఠలే. అయిదవది మృగశిర, ఆర్ద్రలున్న తారాసమూహముననే వెలుగుచున్నది. మన సిద్ధాంతిగారెవరైన ఆ రేవున నిలిచియుండినచో ఏ విమానము ఏ తారయో ఇట్టే చెప్పియుండెడివారు.

ఒకే ప్రయాణమున సూర్యుడు రెండుమారు లుదయించుట చూచినవారికి ‘రెండు సూర్యోదయముల రహస్య సంఘము’న సభ్యత్వమిచ్చుచు యోగ్యతాపత్రమొకటి ఒసగెడివారు. 271 మారులు సముద్రము దాటినను ఒక్క ప్రాణమైన పోలేదనిన, ఆ నక్షత్రములు చూచినవారి విద్య ఎంతటిదో ఊహింపవచ్చును. నేడు ముందరి కుర్చీ వీపుననున్న తెరమీద ఒక బొమ్మవిమానము ప్రాకుచుండును. ప్రయాణికుడు దానిని చూచి ఆవులించి నిద్రపోవును. సౌఖ్యమే, కాదనను. కాని క్రింద ఎంత సముద్రమున్నదో తెలిసికొనవలెనను అక్కరయే పోయినది. దూరమును గంటలలో చెప్పుకొనుటకు మరిగినవారము, యోజనములను మరచితిమి.

యుద్ధము ముగియగానే, యుద్ధసామగ్రిని అరువిచ్చు లెండ్-లీజ్ ఒప్పందము ననుసరించి, ఆ కాటలీనాలను సముద్రమున ముంచివేసిరి. నాకిది మింగుడుపడని విషయము. ఒక్కదానినైన ఏ ప్రదర్శనశాలలోనో ఉంచరాదా!

ఇక మిగిలినదంతయు వేగముయొక్క కథయే గావున నాకంతగా రుచింపదు. ఐనను ఒక ముచ్చట చెప్పవలెను. యుద్ధము ముగియకమునుపే, 1944లో, ఆ హిందూమహాసముద్రముమీదనే లిబరేటరు విమానములు ప్రవేశించి ప్రయాణమును 17 గంటలకు దించినవి. రెండవ సూర్యోదయమునకు అవకాశము లేకపోగా, సంస్థవారు పత్రముమీది పేరు మార్చి, ప్రయాణికులను ‘అతిదీర్ఘమైన గంతు’ వేసినవారి సంఘమున చేర్చుకొనిరి.