సూరత్ ఓడపనివారి ఇంట ఇనుపపని

1736లో లవ్జీ నసర్వాంజీ అను పారశీక వడ్రంగి సూరత్ విడిచి, ఈస్టిండియా కంపెనీ ఓడలు కట్టుటకై బొంబాయికి వచ్చెను. 'వాడియా' యనగా ఓడలు కట్టువాడని అర్థము. తపతీ తీరమున అబ్బిన ఆ కులవిద్య టేకుకొయ్యతో ముడివడినది. ఆ వంశముననే 1808లో జన్మించిన అర్దెషీర్ కర్సెట్జీకి మాత్రము ఇనుముపైన, ఆవిరిపైన మనసు పోయెను. అతడు ఇంటనే పోతపని కార్ఖానా నెలకొల్పెను. 1834లో తన మజగాం భవనమున వాయుదీపములు వెలిగించెను. బొంబాయి అట్టి వెలుగును అదివరకు చూచి యెరుగదు.

1839లో ఇంగ్లండునకు పయనమయ్యెను. 1841లో రాయల్ సొసైటీ సభ్యత్వము పొందిన తొలి భారతీయుడయ్యెను. ఆ గౌరవము ఒక యెత్తు, అదే యేట లభించిన బొంబాయి ఆవిరి యంత్రశాల ప్రధాన ఇంజనీరు పదవి మరియొక యెత్తు. ఎంత చదివినవాడైనను దేశీయుడొకడు ఆంగ్ల పనివాండ్రను శాసింపగలడా యని బొంబాయి టైమ్స్ పత్రిక బాహాటముగా సందేహించెను. లండను పండితులకు లేని సంశయము పత్రికకు కలుగుట వింతయే! 1857 వరకు ఆ పనివాండ్రు అతని యాజ్ఞలోనే పనిచేసిరి.

1851లో అతడు నీటికి దింపిన ఆవిరియోడ భాగములు ఇంటి కార్ఖానాలోనే తయారైనవి. దానికి 'లవ్జీ ఫ్యామిలీ' యని పేరిడెను.