పాలమూరు పేరు, పట్నం పక్క రాయితీ

హైదరాబాద్ నుంచి బెంగళూరు దారి పట్టి శంషాబాద్ దాటితే కొత్తూరు వస్తుంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది మహబూబ్‌నగర్, అంటే పాలమూరు జిల్లాలో ఉండేది. ఆ పేరు వినగానే జనానికి వలసలు, కరువు గుర్తొచ్చేవి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా పాలమూరు కూలీ అక్కడ ఉండేవాడన్న మాట ఊరికే పుట్టలేదు. ఆ జిల్లా పేరు చెప్పుకొని ఫ్యాక్టరీలు కొత్తూరుకు వచ్చాయి. అదే జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆ ఫ్యాక్టరీలను చూడనేలేదు.

దీనికి కారణం చట్టంలోనే ఉంది. ఆదాయపు పన్ను చట్టంలోకి 1974లో 80-హెచ్‌హెచ్ అనే సెక్షన్ వచ్చింది. వెనుకబడిన ప్రాంతంలో పరిశ్రమ పెడితే లాభంలో 20 శాతానికి పదేళ్లపాటు పన్ను ఉండేది కాదు. వెనుకబడిన ప్రాంతం ఏదో చట్టానికి జోడించిన షెడ్యూలు చెప్పేది. ఆ షెడ్యూలులో చాలాచోట్ల మొత్తం జిల్లానే ఒక యూనిట్. దానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అమ్మకపు పన్ను మినహాయింపులు, వాయిదాలు తోడయ్యాయి. జిల్లా మొత్తానికి ఒకే రాయితీ అయినప్పుడు వ్యాపారి రాజధానికి రెండు వందల కిలోమీటర్ల దూరంలోని గద్వాలకు ఎందుకు వెళ్తాడు? జిల్లా పొలిమేర దాటిన మొదటి ఊళ్లోనే షెడ్డు వేస్తాడు. మెదక్ జిల్లా పేరుతో పటాన్‌చెరు, నల్లగొండ జిల్లా పేరుతో బీబీనగర్, చౌటుప్పల్ పెరిగిన తీరు కూడా ఇలాంటిదే. హైదరాబాద్ చుట్టూ ఉన్న పారిశ్రామిక వాడల పటం గీస్తే, అది చాలావరకు పాత వెనుకబడిన జిల్లాల సరిహద్దు పటంలాగే కనిపిస్తుంది.

పన్ను వదులుకుని పనిని రప్పించుకోవడం ఈ నేలకు కొత్త కాదు. కాకపోతే పాతకాలంలో వదులుకున్న పన్ను ఎక్కడ పని జరిగిందో అక్కడే ఉండేది.

వనపర్తి దగ్గరి శ్రీరంగాపురం వెళ్లినవారు రంగనాథస్వామి గుడిని, దాన్ని ఆనుకున్న రంగసముద్రం చెరువును కలిపే చూస్తారు. గుడి గోపురం నీడ నీళ్లలో పడుతుంది. కట్ట మీద నిలబడితే ఒక పక్క చెరువు, మరో పక్క పైరు. వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన పెద్ద చెరువులను స్థానికులు సప్తసముద్రాలు అంటారు. కానాయపల్లి దగ్గరి శంకరసముద్రం కూడా వాటిలో ఒకటి. ఒక సంస్థానాధీశుడు తన ఖజానా సొమ్ముతోనే చెరువులన్నీ తవ్వించడం ఎప్పుడూ కుదిరే పని కాదు. అందుకే తెలుగు నేలంతటా దశబంధం అనే ఏర్పాటు నడిచింది. శాసనాల్లో దీన్ని దశవంద అని కూడా రాశారు. ఒక వ్యక్తి తన డబ్బుతో చెరువు కట్టినా, తెగిన కట్ట పోయించినా, ఆ చెరువు కింది ఆయకట్టులో కొంత భూమి అతనికి పన్ను లేకుండా దక్కేది. పేరును బట్టి అది పదో వంతు. నిజాం కాలపు రెవెన్యూ లెక్కల్లోనూ దస్త్‌బంద్ అన్న పేరుతో ఇది కొనసాగింది.

ఈ ఏర్పాటులోని పట్టు గమనించదగ్గది. మాన్యం చెరువు కిందే ఉంటుంది కాబట్టి చెరువు నిండకపోతే మాన్యం ఎండిపోతుంది. తూము పాడైనా, కట్టకు గండి పడినా మొదటి నష్టం మాన్యందారుదే. పూడిక తీయడం, కట్ట చూసుకోవడం అతని బాధ్యత. ఆ బాధ్యత వదిలేస్తే మాన్యాన్ని వెనక్కి తీసుకునే హక్కు సర్కారుకు ఉండేది. పదో వంతు పోగా మిగిలిన ఆయకట్టు మీద శిస్తు యథావిధిగా వచ్చేది. చెరువు లేనప్పుడు మెట్ట శిస్తే దిక్కు, చెరువు వచ్చాక తరి శిస్తు. ఊరికి నీళ్లు, రాజుకు రాబడి, కట్టినవాడికి మాన్యం. దీన్ని మించిన తెలివైన పన్ను రాయితీని తర్వాతి ప్రభుత్వాలు రాయలేదని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇంకో పాత ఉదాహరణ సముద్ర తీరంలో ఉంది. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవులో కాకతి గణపతిదేవుడు 1244లో అభయ శాసనం వేయించాడు. తుఫానుకు ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే అంతకుముందు రాజులు దాన్ని మొత్తంగా స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని మాట ఇచ్చాడు. ఎగుమతి, దిగుమతి సరుకుల మీద ముప్పైలో ఒక వంతు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో మరో శాసనం వేయించి, సంతానం లేకుండా చనిపోయిన వర్తకుడి ఆస్తిని స్వాధీనం చేసుకునే పద్ధతిని రద్దు చేశాడు, సుంకాలనూ తగ్గించాడు. కాకతీయుల కాలంలో నాగర్‌కర్నూల్ దగ్గరి నందివడ్డెమాన్, అంటే పాత వర్ధమానపురం, వారి సామంతులైన గోన వంశీయుల కేంద్రం. లోపలి నాడులో చెరువుకు మాన్యం, తీరంలో ఓడకు సుంకం తగ్గింపు. రెండింటినీ రాతి మీద చెక్కించి నలుగురూ చూసేచోట నిలబెట్టారు. ఏం ఇచ్చారో, ఎంత తీసుకుంటారో చదువు వచ్చినవాడెవడైనా చదివి చెప్పగలిగేవాడు.

గద్వాల సంగతి వేరు. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో పెద్ద సోమభూపాలుడు కోట కట్టించాడు. ఆయన్నే నల్ల సోమనాద్రి అంటారు, ఆ పేరు అక్కడ ఇప్పటికీ అందరికీ తెలుసు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వెలువడిన ఇంపీరియల్ గెజిటీర్ ప్రకారం సంస్థానం రాబడి సుమారు 3 లక్షల రూపాయలు. అందులో 86 వేల పైచిలుకు నిజాంకు పేష్కష్ అనే కప్పంగా పోయేది. నాలుగో వంతు కంటే ఎక్కువ పైకి కట్టే సంస్థానం పైసా వదులుకున్నా లెక్క చూసుకునే వదులుకోవాలి. అలాంటి చోట నేత పని నిలిచిందంటే దర్బారు ఆదరణ పెద్ద కారణం. చివరి పాలకురాలు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ నేతగాళ్లను ప్రోత్సహించిన సంగతి గద్వాలలో ఇప్పటికీ చెప్పుకుంటారు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. ఒళ్లు నేసే పోగు, అంచు నేసే పోగు ప్రతి వరుసలోనూ ఒకదానిలో ఒకటి చిక్కుకోవాలి. ఒక నాడెతో పని కాదు. ఆ అతుకును కుట్టు అంటారు. అది సరిగా పడకపోతే ఉతికిన కొన్నాళ్లకే అంచు విడిపోతుంది. ఇంత నిదానంగా సాగే పనికి సంతలో దొరికే కూలి ఎన్నడూ చాలదు. ఆదుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి అది బతికింది. ఆ ఆదరణ కూడా గద్వాలలోనే ఖర్చయింది.

నిజాం రాజ్యం ఆధునిక పరిశ్రమల వైపు తిరిగినప్పుడు మరో దారి పట్టింది. 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టి పెద్ద కంపెనీల్లో సర్కారే వాటాలు కొన్నది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, ఆ తర్వాత సిర్పూర్ కాగితపు మిల్లు ఆ కాలంలోనివే. సర్కారు పన్ను వదిలి ఊరుకోలేదు, వాటాదారుగా కూర్చుంది. అయితే అవి చెరకు ఉన్నచోటికి, వెదురు ఉన్నచోటికి పోయాయి. పాలమూరు సంస్థానాలకు ఆ వరసలో చోటు దొరకలేదు. వనపర్తికి దక్కిన గొప్ప మేలు వేరే రూపంలో వచ్చింది. సంస్థానాధీశుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ వెలిసింది. రాజులు ఉన్న గదుల్లో ఇంజినీరింగ్ డిప్లొమా పాఠాలు మొదలయ్యాయి.

రాష్ట్రాల మధ్య అమ్మకపు పన్ను రాయితీల పోటీ ముదిరి అందరి ఖజానాలకూ చిల్లు పడ్డాక, 1999 నవంబరులో ముఖ్యమంత్రులు కూర్చుని 2000 జనవరి నుంచి కొత్త పరిశ్రమలకు ఆ రాయితీలు ఆపాలని తీర్మానించారు. కొంతకాలానికే అవి వేరే పేర్లతో తిరిగి వచ్చాయి. మినహాయింపు అనకుండా రీయింబర్స్‌మెంట్ అన్నారు. కట్టిన పన్ను తర్వాత వెనక్కి వస్తుంది, అంతే తేడా.

డేటా సెంటర్లు ఈ దారిలోనే వచ్చాయి. తెలంగాణ 2016లో వీటికోసం ప్రత్యేక విధానం తెచ్చింది. 2022 నవంబరులో అమెజాన్ వెబ్ సర్వీసెస్ హైదరాబాద్ రీజియన్‌ను ప్రారంభించింది. చందనవెల్లి, రావిర్యాల ఫ్యాబ్ సిటీ, మీర్‌ఖాన్‌పేట వైపు దాని కేంద్రాలు వెలిశాయి. మైక్రోసాఫ్ట్ మేకగూడ, షాద్‌నగర్, చందనవెల్లి ప్రాంతాల్లో భూములు తీసుకుంది. మేకగూడ, షాద్‌నగర్ రెండూ కొత్త జిల్లాలు రాకముందు పాలమూరువే. కొత్తూరు పక్క నేల మరోసారి గెలిచింది. ఈసారి దానికి సాంకేతిక కారణం కూడా ఉంది. ఒక క్లౌడ్ రీజియన్‌లోని కేంద్రాలు ఒకదాని సమాచారాన్ని మరొకటి వెంటవెంటనే నకలు చేసుకోవాలి. అందుకని తన కేంద్రాలు పరస్పరం 100 కిలోమీటర్ల లోపే ఉంటాయని అమెజాన్ చెబుతుంది. గద్వాల ఆ గీతకు బయట పడుతుంది.

కానీ కృత్రిమ మేధకు శిక్షణ ఇచ్చే కంప్యూటర్లకు ఆ మిల్లీసెకన్ల తొందర అంతగా లేదు. వాటికి కావలసింది కరెంటు. ఇక్కడ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పేరు రావాలి. జూరాల జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 234 మెగావాట్లు, దిగువ జూరాలది 240. నాగర్‌కర్నూల్ జిల్లా నల్లమలలో భూగర్భంలో ఉన్న శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం 900 మెగావాట్లది. 2020 ఆగస్టులో అక్కడ మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. మునిగిన ఇంటికి ఒక ఉద్యోగమని 1986లో జీవో 98 మాట ఇచ్చింది. ఆ ఉద్యోగాల కోసం నిర్వాసితుల పిల్లలు దశాబ్దాలు తిరిగారు. కరెంటు ఇచ్చిన నేలకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవడంలో ఇంత ఆలస్యం జరిగిన చోట, కరెంటు తాగే పరిశ్రమకు రాయితీల జీవోలు వెంటవెంటనే రావడం బాధ కలిగించే విషయం.

ఆ పరిశ్రమ ఆకలి ఎంతటిదో విశాఖను చూస్తే తెలుస్తుంది. 2025 అక్టోబరు 14న గూగుల్ అక్కడ ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. రైడెన్ ఇన్ఫోటెక్ పేరుతో ప్రభుత్వం అనుమతించిన ప్రాజెక్టు విలువ 87,520 కోట్ల రూపాయలు, సామర్థ్యం ఒక గిగావాట్. రెండు జూరాలలూ పూర్తి సామర్థ్యంతో తిరిగినా దానికి సగం కూడా రాదు. రాయితీలు సుమారు 22 వేల కోట్లని వార్తలు వచ్చాయి. భూమి ధరలో, నీటి చార్జీల్లో తగ్గింపులు, రాష్ట్ర జీఎస్టీ వాపసు అందులో భాగం. కర్ణాటక మంత్రి ప్రియాంక్ ఖర్గే ఆ లెక్కలు ఎత్తిచూపితే ఆంధ్ర మంత్రి నారా లోకేశ్ బదులిచ్చారు. పొరుగు రాష్ట్రాల పోటీలో ప్రజలకు లెక్క తెలిసింది. ప్రభుత్వమే ఏటా సభ ముందు పెట్టాల్సిన లెక్క ఇది.

అమెరికాలోని వర్జీనియాలో అలా పెడతారు. డేటా సెంటర్ల యంత్రాలపై అమ్మకపు పన్ను మినహాయింపు వల్ల 2023 ఆర్థిక సంవత్సరంలో 92.8 కోట్ల డాలర్లు వదులుకున్నామని అక్కడి శాసనసభ సమీక్షా సంఘం 2024 డిసెంబరులో ప్రకటించింది. మినహాయింపు కావాలంటే 15 కోట్ల డాలర్ల పెట్టుబడి, 50 ఉద్యోగాలు చూపాలి. వెనుకబడిన ప్రాంతమైతే అంతకంటే తక్కువ ఉద్యోగాలు చాలు. ఆ రాష్ట్రం దక్షిణపు అంచున, వందల జనాభా మాత్రమే ఉన్న బోయిడ్టన్ అనే చిన్న ఊరికి మైక్రోసాఫ్ట్ 2010లో వచ్చి తర్వాత విస్తరిస్తూ పోయింది. రాజధాని పక్కనే ఉండాలన్న నియమం ఏదీ లేదని ఆ ఊరు చెబుతుంది. ఇంకో సంగతి, అక్కడ రాష్ట్రం తన పన్ను వదులుకున్నా కౌంటీ అనే స్థానిక ప్రభుత్వం తన పన్ను వదులుకోలేదు. లౌడన్ కౌంటీకి ఆస్తి పన్ను రాబడిలో దాదాపు సగం సర్వర్లు, వాటిని ఉంచిన భవనాల నుంచే వస్తుంది. బడులకు, రోడ్లకు ఆ డబ్బే ఆధారం.

మన దగ్గర పంచాయతీ ఇంటిపన్ను కట్టడాన్ని చూసి వేస్తారు. లోపల వేల కోట్ల సర్వర్లు ఉన్నా ఆ లెక్కలోకి రావు. పారిశ్రామిక వాడ అయితే ఆ వాడకు ఉండే ఐలా అనే సంస్థ పన్ను వసూలు చేసి కొంత భాగమే స్థానిక సంస్థకు పంపుతుంది. రాజోలిబండ మళ్లింపు పథకం కింద నడిగడ్డలో 87,500 ఎకరాలకు నీళ్లు రావాలి. అలంపూర్ చివరి ఆయకట్టు రైతులు ఆ నీటికోసం ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. అలాంటిచోట నీటి చార్జీలో తగ్గింపు అనే మాట రాసేముందు, వాడిన నీటినే శుద్ధి చేసి మళ్లీ వాడాలన్న షరతు ముందుగా రాయాలి. రాయితీకి కొలత జిల్లా కాకుండా మండలం కావాలి. గద్వాల జిల్లాలోని కేటీదొడ్డికీ షాద్‌నగర్‌కూ ఒకే కొలత ఉన్నంతకాలం పెట్టుబడి షాద్‌నగర్ దాటదు. యంత్రాల విలువ మీద చిన్న వంతైనా పంచాయతీకి పడేలా చట్టం మార్చాలి, పని ఆగిన ఏడాది రాయితీ తనంతట తానే ఆగిపోవాలి. దశబంధం మాన్యానికి ఈ చివరి షరతు ఏనాడో ఉండేది.