అట్టడుగు రెండు జట్లే ఫైనల్ ఆడిన ఏడాది

అన్నలూ, తమ్ముళ్లూ, మార్చి వస్తుందంటే అవాలిలో మన రూముల్లో ఐపీఎల్ జోస్యాలు మొదలైపోతాయి. కప్పు ఎవరిది, ఆఖరు ఎవరిది అని డ్యూటీ బస్సులో కూడా అదే గొడవ. ఈసారి నోరు విప్పేముందు పాత లెక్కలు ఒకసారి తిరగేద్దాం.

2008, మొదటి ఐపీఎల్. అప్పుడు మన హైదరాబాద్ జట్టు డెక్కన్ చార్జర్స్. ధర 10 కోట్ల 70 లక్షల డాలర్లు. గిల్‌క్రిస్ట్, సైమండ్స్, గిబ్స్, అఫ్రిదీ, రోహిత్ శర్మ, పైగా కెప్టెన్ మన లక్ష్మణ్. ఆ పేర్లు చూసి కప్పు మనదే అనుకున్నాం. 14 మ్యాచుల్లో గెలిచింది రెండే. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం! కప్పు కొట్టింది అన్నిటికంటే చవగ్గా, 6 కోట్ల 70 లక్షల డాలర్లకు పోయిన రాజస్థాన్.

2009లో ఎన్నికల వల్ల ఆట దక్షిణాఫ్రికాకి పోయింది. చివరి జట్టుని ఎవరు లెక్కలోకి తీసుకుంటారు? కానీ సెమీస్‌లో గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టి, లీగ్‌లో మొదటి స్థానంలో ఉన్న ఢిల్లీని ఇంటికి పంపాడు. మే 24న జొహన్నెస్‌బర్గ్‌లో ఫైనల్. ఎదురుగా బెంగళూరు, అంతకుముందు ఏడాది ఏడో స్థానం వాళ్లది. అంటే కింద నుంచి మొదటి రెండు జట్లే ఫైనల్ ఆడాయి. ఆరు పరుగులతో కప్పు మనోళ్లదైంది.

ఎందుకిలా అంటే, మనం పేర్లు చూస్తాం. పదకొండు మందిలో విదేశీయులు నలుగురికి మించి ఆడకూడదన్నది మర్చిపోతాం. ఇరవై ఓవర్ల ఆటలో ఒక్క చెడ్డ ఓవర్ చాలు, అంతా తారుమారు.

మనం నిలబడ్డ ఈ నేల సంగతీ అంతే. బహ్రెయిన్‌లో నూనె ఉండదని పేరున్న భూగర్భ నిపుణులు చాలామంది అన్నారు. 1932లో ఇక్కడే, జబల్ దుఖాన్ దగ్గర బావిలో నూనె పడింది. ఆ నూనె కంపెనీ మనుషుల కోసమే అవాలి ఊరు కట్టారు.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, 2025లో మన రూములో జరిగింది. ముందు ఏడాది సన్‌రైజర్స్ 287 కొట్టారు, ఫైనల్ దాకా వచ్చారు. ఈసారి 300 ఖాయం, కప్పు ఖాయం అన్నాం. మొదటి మ్యాచ్‌లోనే 286 కొట్టేసరికి ఇంకా రెచ్చిపోయాం. మా మాటలు విని మాలో ఒక తమ్ముడు నెల జీతం మొత్తం ఫోన్‌లో పందెం కాశాడు. 300 రాలేదు. జట్టు ఆరో స్థానం. ఆ నెల వాడు ఇంటికి ఒక్క దినారు పంపలేకపోయాడు. బిడ్డ స్కూలు ఫీజు మేమంతా తలా ఇంత వేసుకుని పంపాం. డబ్బు పోగొట్టింది వాడే, కానీ 'పక్కా' అన్న మాట మాది. అది ఇప్పటికీ గుచ్చుతుంది. పదిహేడేళ్లు మనం ఎగతాళి చేసిన బెంగళూరే ఆ ఏడు కప్పు ఎత్తింది.

అందుకే మా రూములో ఇప్పుడు ఒకటే రూలు. జోస్యాలు కాగితం మీద రాసి గోడకి అంటిస్తాం. తప్పినోడు శుక్రవారం అందరికీ చికెన్ వండాలి. పైసలు మాత్రం ఇంటికే. మీ రూములో కూడా ఆ కాగితం అంటించండి.