అభ్రకం ముక్క, మన ఊరి బేస్ ఆంప్

నా చేతిలో ఉన్నది చూడండి. గోరంత రేకు, గాజులా మెరుస్తోంది. ఇది అభ్రకం, అంటే మైకా. ఇది పెట్టడం మర్చిపోయినందుకే నేను సొంతంగా చేసిన మొదటి బేస్ గిటార్ ఆంప్లిఫయర్ కాలిపోయింది. ఈ ఎపిసోడ్‌లో ఆ కథా, బేస్ ఆంప్ పుట్టిన కథా రెండూ చెప్తాను.

మాది కడప. సెకండ్ హ్యాండ్‌లో బేస్ గిటార్ కొని, ఇంట్లో ఉన్న హోమ్ థియేటర్‌కు తగిలించినా. రెండు రోజులకే స్పీకర్ కోన్ చిరిగింది. బేస్‌లో లావు తీగ సెకనుకు దాదాపు 41 సార్లు కంపిస్తుంది. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే, అంతే గట్టిగా వినిపించడానికి కోన్ నాలుగింతలు ఎక్కువ కదలాలి. చిన్న స్పీకర్ ఎట్లా తట్టుకుంటుంది?

కర్నూలులో ఒక పాత రేడియో మెకానిక్ ఉన్నాడు. అందరూ మామ అనే పిలుస్తారు. బస్సెక్కి ఆయన దగ్గరికి పోయినా. టీడీఏ 2030 ఐసీ, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌తో సుమారు 14 వాట్ల సర్క్యూట్ గీసిచ్చినాడు. ఇంటికొచ్చి అన్నీ అతికించి స్విచ్ వేసినా. టప్పుమని శబ్దం, పొగ. మళ్ళీ కర్నూలుకు పోతే, బోర్డు చూసి ఒకటే మాట అన్నాడు: "మైకా యాడ పెట్నావబ్బీ?"

ఆ ఐసీ వెనక రేకు లోపల మైనస్ సప్లయికి కలిసి ఉంటుంది. నేను దాన్ని నేరుగా హీట్ సింక్‌కు బిగించినా, ఆ హీట్ సింక్ ఏమో గ్రౌండ్‌కు తగిలి ఉంది. మధ్యలో అభ్రకం ఉంటే వేడి దాటుతుంది, కరెంటు దాటదు.

తర్వాత మామ సొరుగులోంచి ఒక పాత రేడియో వాల్వు తీసినాడు. లోపలి భాగాలను కదలకుండా పట్టుకున్నది అభ్రకం బిళ్ళలే! కడప నుంచి వెలికొండలు దాటి తూర్పుకు పోతే రాపూరు, సైదాపురం, గూడూరు వస్తాయి. అవి అభ్రకం గనుల ఊళ్ళు. వాల్వుల కాలంలో ప్రపంచానికి షీట్ మైకా ఎక్కువగా పంపింది మన దేశమే.

ఆ వాల్వులతోనే బేస్ ఆంప్ పుట్టింది. అమెరికాలో లియో ఫెండర్ 1938లో ఫుల్లర్టన్ అనే ఊళ్ళో రేడియో రిపేరు షాపు పెట్టినాడు. అప్పట్లో బేస్ అంటే మనిషెత్తు వాయిద్యం. బ్యాండు హోరులో అది వినపడేది కాదు. ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్, 1952లో దానికోసం బాస్‌మన్ ఆంప్ తెచ్చినాడు. పదేళ్ళకు, 1962లో, లండన్‌లో జిమ్ మార్షల్ షాపులో రిపేర్లు చేసే కెన్ బ్రాన్, కుర్రవాడు డడ్లీ క్రేవెన్ కలిసి బాస్‌మన్‌ను చూసి తమ ఆంప్ కట్టినారు. అదే మొదటి మార్షల్ ఆంప్! రెండు కథలూ మొదలైంది రిపేరు బల్ల మీదే.

రెండోసారి నేను మామ పక్కనే కూర్చుని కట్టినా. గుంయ్‌మనే మోత వస్తే, గ్రౌండ్ వైర్లన్నీ ఒకే చోటికి చేర్పించినాడు. 12 అంగుళాల స్పీకర్‌ను ప్లైవుడ్ పెట్టెలో బిగించినాం. లావు తీగ మీటితే గూట్లో స్టీలు గ్లాసులు గలగలమన్నాయి. మామ పెట్టె మీద అరచెయ్యి పెట్టి, కాసేపు తియ్యలేదు. వీధి స్టేజీకి ఇది చాలదు కానీ ఇంట్లో సాధనకు బాగా సరిపోతుంది.

ఇప్పుడు మామ షాపుకు రేడియోలు రావు. టీవీ చెడితే బోర్డే మార్చేస్తున్నారు. వచ్చేటప్పుడు ఆ సొరుగు మొత్తం నా చేతికిచ్చి, "నేను మూసేస్తే ఇవి పాత ఇనుము కిందికి పోతాయబ్బీ" అన్నాడు.

మీ ఊళ్ళో కూడా ఇట్లాంటి మెకానిక్ ఒకరు ఉంటారు. ఒకసారి పోయి కూర్చోండి, ఆయన ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డు చేయండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: 230 వోల్టులతో ఒంటరిగా ఆటలాడొద్దు. మళ్ళీ కలుద్దాం.