యానాం భారత్‌లో కలిసింది 1954లోనా, 1962లోనా?

పుదుచ్చేరిలో ఏటా రెండు విలీన వేడుకలు జరుగుతాయి. నవంబర్ 1న విమోచన దినం, ఆగస్టు 16న చట్టబద్ధ విలీన దినం. పుదుచ్చేరి శివారులోని సేదరపేట్‌కైనా, వందల కిలోమీటర్ల దూరాన గోదావరి ఒడ్డున ఉన్న తెలుగు ఊరు యానాంకైనా ఇవే రెండు తేదీలు. వాటి మధ్య దాదాపు ఎనిమిదేళ్ల తేడా ఉంది. ఒక ప్రాంతం పాత పాలకుల చేతి నుంచి జారిపోవడం వేరు, ఆ మార్పును చట్టం అంగీకరించడం వేరు కావడమే ఇందుకు కారణం.

యానాంలో ఏం జరిగింది?

ఫ్రెంచ్ స్థావరాల భవిష్యత్తును అక్కడి ప్రజలే తేల్చుకోవాలని 1948లో భారత్, ఫ్రాన్స్ అంగీకరించాయి. 1949 జూన్‌లో చందర్‌నగర్ ప్రజలు ఓటు వేసి భారత్ వైపు వచ్చారు. మిగతా నాలుగు చోట్ల వ్యవహారం నానుతూ వచ్చింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. ఫ్రాన్స్ దృష్టిలో అది తిరుగుబాటు. ఉద్యమకారుల దృష్టిలో విమోచన. యానాం మీద ఫ్రాన్స్ పట్టు పోయింది గానీ, దాని సార్వభౌమత్వం మాత్రం కాగితం మీద అలాగే ఉంది.

ఓటు ఎందుకు అవసరమైంది?

ప్రజల సమ్మతి లేకుండా భూభాగాన్ని వదులుకోవడం చెల్లదని 1946 నాటి ఫ్రాన్స్ రాజ్యాంగం చెబుతోంది. 1954 అక్టోబర్ 18న కీళూరులో ప్రజాప్రతినిధులు ఓటు వేశారు. 178 మందిలో 170 మంది విలీనానికి అనుకూలంగా, 8 మంది వ్యతిరేకంగా నిలిచారు. మూడు రోజులకు ఢిల్లీలో ఒప్పందం కుదిరింది. నవంబర్ 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన భారత్‌కు వచ్చింది. ఇది 'వాస్తవ' బదిలీ మాత్రమే. పాలన భారత్‌ది, చట్టపరమైన హక్కు ఫ్రాన్స్‌ది.

ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది?

పూర్తి విలీన ఒప్పందంపై 1956 మే 28న సంతకాలయ్యాయి. ఫ్రాన్స్ పార్లమెంటు ఆమోదం మాత్రం 1962లోనే వచ్చింది. ఆ మధ్యలో ఫ్రాన్స్ అల్జీరియా యుద్ధంలో చిక్కుకుంది. అది 1962లో ముగిశాక, ఆగస్టు 16న ధ్రువపత్రాల మార్పిడి జరిగింది.

సామాన్యుడికి ఏం తేడా?

పౌరసత్వం. ఒప్పందం ప్రకారం అక్కడ పుట్టి నివసిస్తున్న ఫ్రెంచ్ పౌరులు భారతీయులవుతారు. ఫ్రెంచ్ పౌరసత్వమే కావాలంటే ఒప్పందం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా తెలపాలి. ఆ గడువు లెక్క 1962 ఆగస్టు 16 నుంచే మొదలైంది. ఆ నిర్ణయం పిల్లల చదువు, ఉద్యోగం, పెన్షన్ దాకా వెళ్తుంది. పుదుచ్చేరిలో నేటికీ ఫ్రెంచ్ పౌరసత్వం ఉన్న కుటుంబాలు ఉండటానికి మూలం ఇదే.

అదే ఏడాది మరో దారి

1954లోనే దాద్రా, నగర్ హవేలీ పోర్చుగల్ నుంచి విడిపోయాయి. అక్కడ ఒప్పందం కుదరలేదు. భారత్ తక్షణం కలుపుకోలేదు. స్థానిక వరిష్ఠ పంచాయతీయే ఏడేళ్లు పాలించింది. పోర్చుగల్ అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. 1961లో విలీన పత్రంపై సంతకం చేయడానికి కె.జి. బద్లానీ అనే ఐఏఎస్ అధికారిని ఒక రోజు ప్రధానిని చేశారు.

ఈ తేడా నేటికీ వర్తిస్తుంది. 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొసావోను చాలా దేశాలు గుర్తించాయి, భారత్ గుర్తించలేదు. కొత్త దేశాల వార్తలు చదివేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: అక్కడ పాలన ఎవరిది? ఆ పాలనను ఎవరు గుర్తించారు? రెండింటికీ ఒకే జవాబు దొరికే దాకా అక్కడి జనానికి తాము ఏ దేశ పౌరులో స్పష్టంగా తెలియదు.