పంచె, కిల్టు, ప్యాంటు: ఏది ఎప్పుడు?

మనం ఇళ్ళు కట్టుకుని, పిల్లలను పెంచుకుంటూ స్థిరపడిన ఈ హెండర్సన్‌కు ఆ పేరు ఒక స్కాట్లండు దేశస్థుని వల్ల వచ్చింది. డండీ నగరంలో పుట్టిన థామస్ హెండర్సన్, తన భాగస్వామి జాన్ మెక్‌ఫార్లేన్‌తో కలిసి 1840లలో ఇక్కడి అడవిలో కౌరీ చెట్ల కలపను కోసే రంపపు మిల్లు పెట్టాడు. దానికి తన ఊరి పేరే పెట్టుకున్నాడు. ఎంత దూరం వచ్చినా పుట్టిన ఊరి మీది మమకారం పోదనడానికి ఇదొక నిదర్శనం.

స్కాట్లండు అనగానే మనకు కుచ్చిళ్ళ కిల్టు గుర్తుకు వస్తుంది. అయితే డండీ లోతట్టు ప్రాంతపు పట్టణం. అక్కడి సామాన్యులు ప్యాంటు తొడిగేవారే. కిల్టు ఉత్తరాన కొండసీమవారి కట్టు. ఈనాడు మాత్రం కొండసీమ, లోతట్టు అనే భేదం లేకుండా స్కాట్లండు సంతతివారందరూ పెళ్ళికి కిల్టు కట్టుకుంటున్నారు, మరునాడు ప్యాంటు తొడుక్కుని పనికి వెళుతున్నారు. ఏది ఎప్పుడు అనే విషయంలో వారికి తడబాటు లేదు.

మనకు మాత్రం ఉన్నది. ఏటా ఉత్సవం దగ్గర పడేసరికి మన ఇళ్ళలో ఇదే చర్చ. "పండుగ పూట కూడా ఆ ప్యాంటేనా?" అని తాతగారు. "పంచె కడితే ఊడిపోతుంది తాతయ్యా, అందరూ నవ్వుతారు" అని మనవడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉన్నది. కనుక ఈ బట్టల వెనుక ఉన్న చరిత్రను ఒకసారి చూడడం మంచిది.

పాతకాలపు కిల్టు ఈనాటి కిల్టు వంటిది కాదు. నాలుగైదు గజాల ఉన్ని గుడ్డను నడుము చుట్టూ కుచ్చిళ్ళు పోసి తోలు పట్టీతో బిగించి, మిగిలిన కొసను భుజం మీదికి వేసుకునేవారు. రాత్రి అదే దుప్పటి. మన పంచె, కండువా ఒకే గుడ్డలో కుదిరినట్లు అనుకోవచ్చు. దానికి జేబులు లేవు కనుక ముందు వైపు స్పోరన్ అనే తోలు సంచి వేలాడదీసుకున్నారు. జేబు లేని పంచెతో మన పెద్దలు డబ్బును రొండిన దోపుకున్నారు. ఇద్దరికీ వచ్చిన చిక్కు ఒక్కటే, తీర్చుకున్న తీరు వేరు. నడుము నుంచి మోకాలి వరకే ఉండే పొట్టి కిల్టు 18వ శతాబ్దం తొలి భాగంలో వ్యాప్తిలోకి వచ్చింది.

1746 ఏప్రిల్‌లో కల్లోడెన్ యుద్ధంలో కొండసీమ తిరుగుబాటుదారులు ఓడిపోయిన పిమ్మట, బ్రిటిషు పార్లమెంటు వారి కట్టుబట్టలనే నిషేధించింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండవసారి దొరికితే ఏడేళ్ళ ద్వీపాంతరవాసం. కిల్టు కట్టే స్వేచ్ఛ సైన్యంలోని కొండసీమ పటాలాలకు మాత్రమే మిగిలింది. 1782లో ఆ చట్టం రద్దయ్యేనాటికి ఒక తరం గడిచిపోయింది. నిత్యం కట్టుకునే అలవాటు చాలామందికి తప్పిపోయింది.

అక్కడితో కిల్టు కథ ముగియవలసినది. కాని 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో నగరానికి వచ్చినప్పుడు, నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఆ స్వాగతాన్ని కొండసీమ వేషభూషలతో నడిపించాడు. రాజే కిల్టు ధరించాడు. ఫలానా వంశానికి ఫలానా గళ్ళు అని ఈనాడు చెప్పుకునే పట్టికలు చాలా వరకు ఆ తరువాత ఏర్పడినవే. అనాదిగా వస్తున్నదని మనం అనుకునే ఆచారంలో పెద్ద భాగం రెండు వందల ఏళ్ళ నాటిది. ఇది వారికి చిన్నతనమేమీ కాదు. పోయిందనుకున్న బట్టను ఏరికోరి మళ్ళీ కట్టుకున్నారు.

ఏది ఎప్పుడు అనే లెక్క యుద్ధభూమిలో మరింత స్పష్టమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కొండసీమ పటాలాలు కిల్టుతోనే కందకాలలో దిగాయి. బురదతో తడిసిన ఉన్ని బరువెక్కి, గడ్డకట్టి మోకాళ్ళను కోసేది. కుచ్చిళ్ళలో పేలు చేరేవి. 1917 నుంచి వాడిన మస్టర్డ్ వాయువు అచ్ఛాదన లేని చర్మాన్ని కాల్చేది. రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి రణరంగానికి ప్యాంటు, కవాతుకు కిల్టు అన్నది ఖాయమైంది. కిల్టును అవమానించి తీసివేయలేదు, దాని స్థానం దానికి చూపించారు. ఈనాటికీ అది బతికి ఉండడానికి కారణం అదే. మన ఆక్లండుకు ఉత్తరాన ఉన్న వైపూ గ్రామంలో, 1850లలో నోవా స్కోషియా నుంచి వచ్చిన స్కాట్లండు సంతతివారు 1871 నుంచి కొండసీమ క్రీడలు జరుపుతున్నారు. అక్కడ కిల్టు కట్టినవారిని చూసి ఎవరూ నవ్వరు.

ఇక మన కథకు వద్దాం. హెండర్సన్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలలో ఎన్నో ఫిజీ మీదుగా వచ్చినవి. 1879 నుంచి 1916 వరకు గిర్మిట్ ఒప్పందం మీద ఫిజీకి చేరిన 60 వేల పైచిలుకు భారతీయులలో సుమారు 15 వేల మంది, 1903 తరువాత, మద్రాసు రేవు నుంచి ఓడ ఎక్కినవారు. వారిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల మనవారున్నారు. ఒప్పందం ఐదేళ్ళు. మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు కదా.

వారు ఏ బట్టతో వెళ్ళారన్నది ఆలోచించవలసిన సంగతి. పూర్వం మన పల్లెలలో పంచె ఎంత పొడుగున కట్టాలో కులం, కలిమి నిర్ణయించేవి. మోతుబరి పంచె చీలమండలు దాటేది. పాలేరు గోచీ మోకాలికి పైనే ఆగేది. పెత్తందారు ఎదురైతే భుజం మీది కండువా తీసి చంకన పెట్టుకోవాలి. తిరువాన్కూరు సంస్థానంలో నాడార్ స్త్రీలు రవిక వేసుకునే హక్కు కోసం దశాబ్దాలు పోరాడితే, 1859లో గాని అనుమతి రాలేదు. గుడ్డ అంటే కేవలం గుడ్డ కాదు, మనిషి ఎక్కడ నిలబడాలో చెప్పే గీత కూడా.

ఆ గీతను ప్యాంటు చెరిపివేసింది. చెరుకు ఆకు అంచు కాలిని కోస్తుంది, కనుక తోటలో అది అక్కరకు వచ్చే బట్ట. అంతకంటె ముఖ్యం, ప్యాంటులో ఎవరిది ఏ కులమో తెలియదు. డాక్టర్ అంబేడ్కర్ గారి కోటు, టైల అంతరార్థమూ ఇదే. కనుక మన తాతముత్తాతలు పంచె విడిచి ప్యాంటు తొడిగితే సంప్రదాయం మరిచారని అనడం న్యాయం కాదు. కొందరికి అది పోగొట్టుకోవడం కాదు, నిటారుగా నిలబడడం.

అయినా పంచె పూర్తిగా పోలేదు. ఫిజీలోని అమ్మవారి గుడులలో నిప్పులు తొక్కే భక్తులు పసుపు బట్టలు కట్టుకునే ఆచారం నిలిచింది. పైగా ఇరుగుపొరుగు నుంచి మరొక పాఠం కూడా లభించింది. ఫిజీవారి సులు నడుముకు చుట్టుకునే గుడ్డే. అది 19వ శతాబ్దంలో క్రైస్తవ మతంతో పాటు వ్యాపించింది. తరువాత దానికి జేబులు కుట్టి, పైన కోటు, టై చేర్చి అధికారులు కచేరీలకు వెళ్ళారు. ఫిజీ పోలీసుల తెల్ల సులు రంపపు పళ్ళ అంచుతో నేటికీ కవాతులో కనిపిస్తుంది. ఇక్కడ హెండర్సన్ వీధులలో ఆదివారం నాడు చర్చికి వెళ్ళే సమోవా పెద్దలను చూడండి. చుట్టుగుడ్డ, తెల్లచొక్కా, టై. వారికి అది మర్యాదైన వేషం. 1987, 2000 సంవత్సరాల ఫిజీ కుట్రల తరువాత ఇక్కడికి తరలివచ్చిన మనవారికి ఈ దృశ్యం కొత్త కాదు.

ఇంతకీ పంచెకు గౌరవం తిరిగి వచ్చిన ఘట్టం మన చరిత్రలోనూ ఉన్నది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన ఎం.ఏ. పట్టభద్రులు. స్వదేశం చేరి, నేతపనికి పేరుగాంచిన చీరాలలో పన్నుల వ్యతిరేక ఉద్యమాన్ని నడిపారు. 1921లో వేలాది ప్రజలు ఊరు ఖాళీ చేసి రామ్‌నగర్ అనే పాకల బస్తీకి తరలిపోయారు. ఆయన రామదండు వాలంటీర్లు కాషాయం రంగు బట్టలు, రుద్రాక్షలతో కదిలారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారు అదే ఏడు బారిస్టరు ప్రాక్టీసు వదిలి ఖద్దరు కట్టారు. పొందూరు నేతగాళ్ళ సన్న ఖద్దరుకు దేశమంతటా పేరు వచ్చిన రోజులవి. దొరల దుస్తులు తెలియక పంచె కట్టినవారు కారు వీరు. రెండూ తెలిసి ఎంచుకున్నవారు.

ఎంచుకునే హక్కు కోసం ఈ కాలంలోనూ పేచీలు వస్తూనే ఉన్నాయి. 2014 జులైలో చెన్నైలోని ఒక క్రికెట్ క్లబ్బు, పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తిని లోపలికి రానివ్వలేదు. ఆ మరుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ అటువంటి ఆంక్షలను నిషేధిస్తూ చట్టం చేసింది. 2021 ఫిబ్రవరిలో మన వెల్లింగ్టన్ పార్లమెంటులో మావోరీ పక్ష నాయకుడు రావిరి వైటిటి టై బదులు తమ సంప్రదాయ పతకం ధరించి వస్తే సభాపతి బయటకు పంపారు. మరునాడే టై నిబంధన తొలగిపోయింది. తప్పనిసరి అన్న మాట ఎటు నుంచి వచ్చినా అది పోరుకు దారి తీస్తుంది. పంచెను కూడా మనం తప్పనిసరి చేయరాదు.

మరి ఏది ఎప్పుడు? జవాబు మన పెళ్ళిలోనే ఉన్నది. ఎంత ఖరీదైన సూటుతో వచ్చిన వరుడైనా పీటల మీద మధుపర్కాలతోనే కూర్చుంటాడు. విందు సమయానికి సూటు వేసుకుంటాడు. ఒక్క పూటలో రెండు బట్టలు, రెండింటికీ గౌరవం. ఆ నియమాన్నే కొంచెం విస్తరించుకుంటే సరిపోతుంది. పూజకు, పీటల మీద కూర్చునే శుభకార్యానికి, మగపిల్లల పంచెల వేడుకకు పంచె. యంత్రం దగ్గర, కారు నడపడంలో, జులై నెల వానలో ప్యాంటు. కిల్టు చలిదేశపు ఉన్ని, మన పంచె ఎండదేశపు నూలు. అదృష్టవశాత్తు ఇక్కడ సంక్రాంతి నడివేసవిలో వస్తుంది. పిల్లవాడికి పంచె కట్టడం నేర్పడానికి అంతకంటె మంచి రోజు లేదు.

మరో రెండు మాటలు. అంటుకునే పట్టీతో వచ్చే రెడీమేడు పంచెను చూసి పెద్దలు నవ్వకూడదు. ఈనాటి కిల్టుకు కూడా కుట్టిన కుచ్చిళ్ళు, బకిల్సు ఉన్నాయి. ముడి ఊడిపోతుందన్న భయం పోతే సిగ్గు సగం పోతుంది. రెండవది, మన సభలలో ఆడవారు చీరలతో, మగవారు జీన్సుతో వస్తుంటారు. సంస్కృతి బరువంతా చీర మీదనే మోపి, మగవారు చేతులు ఊపుకుంటూ రావడం భావ్యం కాదు. ఏడాదికి రెండు మూడు పూటలైనా ఆ బరువులో పాలుపంచుకోవాలి.

మోకాలి పైకి కట్టిన గోచీతో ఓడ ఎక్కినవారి మునిమనవలు, ఇక్కడ చీలమండల దాకా అంచు పంచె కట్టి, ప్యాంటు తొడిగిన తోటివాడి పక్కనే సమానంగా బంతిలో కూర్చుని భోజనం చేస్తున్నారు. ఈ ఉత్సవంలో చూసి ఆనందించవలసిన దృశ్యం అది. పంచె కట్టి రండి, ప్యాంటుతోనైనా రండి. ఎందుకు కట్టామో తెలిసి కడితే మాత్రం ఏ బట్టైనా మనకు నిండుగానే ఉంటుంది.